లోపలి గది రిజిస్టరు

"మీ పేరు లేదు, పెద్దాయనా," అన్నాడు గుమాస్తా, రిజిస్టరు మూసేస్తూ.

కౌంటరు అవతల ముసలాయన కదల్లేదు.

"ఇంకోసారి చూడు బాబూ. యుద్ధంలో స్ట్రెచర్లు మోశాను. వంతెన దగ్గర శత్రువులకి దొరికిపోయి ఆరేళ్ళు చెరలో ఉన్నాను."

"కాగితాలు?"

"చెరలో కాగితాలు ఎవరిస్తారు?"

గుమాస్తా నవ్వాడు. యుద్ధంలో పనిచేశామని చెప్పుకునేవాళ్ళ మాట నిజమో కాదో పాత రికార్డులు చూసి తేల్చడం అతని ఉద్యోగం. ఇప్పటికి నలభై ముగ్గురు దొంగ సైనికుల్ని పట్టుకున్నాడు. ఆఫీసులో అతన్ని 'జల్లెడ' అంటారు. ఆ పేరంటే అతనికి లోలోపల మహా ముచ్చట.

"మాజీ సైనికుల ఆశ్రమంలో మంచం నిలబెట్టుకోడానికి ఎన్ని కథలో," అన్నాడు, ముసలాయనకి వినపడేలాగే.

పక్క సీటు టైపిస్టు తలెత్తింది.

"బయట చలి చంపేస్తోంది సార్. ఆశ్రమం నుంచి పంపేస్తే ఎక్కడికి పోతాడు? ఇంకోసారి చూడరాదూ?"

"రెండుసార్లు చూశానమ్మా. తిరిగొచ్చిన ప్రతివాడూ ఇందులో ఉంటాడు. ఇతను లేడు."

'పేరు లేదు' అని రాసి ముద్ర గుద్దాడు. ముసలాయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సరే బాబూ. లేనని రాశావుగా, లేనట్టే."

సాయంత్రం ఆశ్రమం వార్డెన్ ఫోన్ చేశాడు.

"ఖాళీ చేయించమంటారా?"

"రూలు రూలే కదండీ."

అన్నాడు గానీ, ఫోను పెట్టేశాక ముసలాయన అర్జీలోని పేరు, తండ్రి పేరు, ఊరు మళ్ళీ ఒకసారి చదివాడు.

మూడు రోజులు ఎముకలు కొరికే చలి. ఆఫీసుకి నడిచొస్తూ, మూసిన కొట్ల ముందు ముడుచుకు పడుకున్న ప్రతి మనిషి మొహంలోకీ తొంగి చూశాడు గుమాస్తా. ఎవరికోసమో తనకి తనే చెప్పుకోలేదు. భయం మాత్రం వేసింది.

నాలుగో రోజు ఆసుపత్రి నుంచి మనిషి వచ్చాడు.

"బస్టాండులో ఒక శవం దొరికిందండీ. జేబులో మీ ఆఫీసు కాగితం ఉంది. అయినవాళ్ళెవరైనా ఉంటే వివరాలు రాసివ్వమన్నారు."

గుమాస్తా ఆ కాగితం అందుకుని మడత విప్పాడు. 'పేరు లేదు' అని తన రాతే, తన ముద్రే.

ఆ ఆఫీసులో బతికున్నవాళ్ళు అర్జీ పెట్టుకుంటే బయటి రిజిస్టరు తీస్తారు. చనిపోయినవాళ్ళ గురించి అడిగితే లోపలి గదిలోది తీస్తారు. ఎదురుగా నిలబడ్డ మనిషిని చచ్చినవాళ్ళలో వెతకాలని ఇన్నేళ్ళలో ఎవరికీ తోచలేదు. జల్లెడకీ తోచలేదు.

అలవాటు ప్రకారం లోపలి గదిలోకి వెళ్ళి లైటు వేశాడు. పేర్ల వెంట దిగుతున్న వేలు ఒకచోట ఆగిపోయింది.

అదే పేరు. అదే తండ్రి పేరు. అదే ఊరు.

పక్కన, నలభై ఏళ్ళ నాటి సిరాతో ఇలా ఉంది: 'గాయపడ్డ పదకొండు మందిని ఒక్కడే వంతెన దాటించి, పన్నెండో మనిషి కోసం వెనక్కి వెళ్ళి తిరిగి రాలేదు. మరణానంతరం ప్రకటించిన అత్యున్నత శౌర్య పతకం, తీసుకునేవాళ్ళు ఎవరూ రానందున, ఈ ఆఫీసు బీరువాలోనే ఉంది.'