ఇల్లెత్తుకొని పో

కాలనీలో క్రేను కనబడగానే నిర్మల గుండె గుభేలుమంది.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు ముగించుకొని అప్పుడే బస్సు దిగింది. క్రేను కొక్కెం సరిగ్గా తన ఇంటికీ, పక్కింటి మునిరత్నమ్మ ఇంటికీ నడుమ వేలాడుతోంది. ఇద్దరు మనుషులు పానాలతో ఆ రెండిళ్ళనూ కలిపే బోల్టులు విప్పుతున్నారు.

బంగారుపాళ్యం దగ్గరి ఆ కాలనీలో ఇళ్ళు అలాంటివి. ఎక్కడో తయారై లారీల్లో వచ్చిన ఇళ్ళు. ఒకదానికొకటి బోల్టులతో బిగించారు. మధ్యలో అందరికీ ఒకటే వాకిలి, ఒకటే వంటపాక, మామిడి తొక్కలనుంచి తీసే గ్యాసుతో వెలిగే పొయ్యి. పిల్లలు పెరిగితే ఇంకో గది తగిలించుకోవచ్చు. పక్కవాళ్ళతో పొసగకపోతే బోల్టులు విప్పించి ఇంటినే ఇంకోచోట పెట్టించుకోవచ్చు. వేరే ఊళ్ళో ఎవరినైనా ‘ఇల్లెత్తుకొని పో’ అంటే అది ఉత్త తిట్టు. ఇక్కడ మాత్రం జరిగే పని!

నిన్న సాయంత్రం సరిగ్గా ఆ మాటే నిర్మల నోట్లోంచి ఊడిపడింది. పొయ్యి దగ్గర వంతు కోసం మొదలైన మాట, ఎక్కడికో పోయింది. “నాతో సరిపోకుంటే ఇల్లెత్తుకోని పో అక్కా! నాకు పీడా పోతాది!” అని అందరి ముందూ అరిచింది. మునిరత్నమ్మ సంగటి గిన్నె దించుకొని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

“ఏమైందన్నా, ఎందుకొచ్చినారు వీళ్ళు?” అని నిర్మల ఎదురొచ్చిన గోవిందస్వామిని అడిగింది. కాలనీ పెద్ద ఆయన.

“ఏముండాది లేమ్మా. నిన్న అంత రచ్చ అయినాక పక్కపక్కన యాడ ఉంటారు? ఎవరి దోవ వాళ్ళది” అని ఆయన ముఖం తిప్పుకొని వెళ్ళిపోయాడు.

నిర్మల కూతురు మహితకు మూర్ఛ జబ్బు. ఎప్పుడొస్తుందో చెప్పలేరు. తను షిఫ్టులో, మొగుడు ధనంజయ కాయల లోడుతో రోడ్డుమీద ఉన్నప్పుడు, గోడ అవతల దబ్బుమని చప్పుడైతే చాలు, చేతిలో పని చేతిలోనే పారేసి పరిగెత్తుకొచ్చేది మునిరత్నమ్మే. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టి, తెలివొచ్చేదాకా కదిలేది కాదు. రేపటినుంచి ఆ గోడ అవతల మనిషే లేకపోతే? పాడు నోరు, పాడు నోరు అని తన నోటిమీద తనే కొట్టుకుంది.

వాకిట్లో ధనంజయ చేయెత్తి, “కొంచెం ఇట్ల రానీ, ఇంకొంచెం రానీ” అంటూ క్రేను డ్రైవరుకు దారి చూపిస్తున్నాడు. నిర్మలకు ఒళ్ళు మండింది. ఎవరి పనైనా సరే ముందుండి చేస్తాడు, పెళ్ళాం మొత్తుకునేది మాత్రం చెవికెక్కదు.

“నిలపమని చెప్పయ్యా!” అని అరిచింది. క్రేను మోతలో ఆయనకు వినబడలేదు. వినబడినా ఒరిగేదేముంది, ఈ మనిషి నా మాట ఎప్పుడు విన్నాడు గనక, అనుకుంటూ వంటపాక వైపు పరిగెత్తింది.

పాక నీడలో మునిరత్నమ్మ కూర్చొని ఉంది. చుట్టూ ఇంట్లోంచి తెచ్చిన ఇత్తడి బిందెలు, దేవుడి పటాలు, ఊరగాయ జాడీలు. ఒళ్ళో మహిత నిద్రపోతోంది. ఆ పిల్లను రెండు చేతులా పొదువుకొని ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖమంతా వాచిపోయింది.

“అక్కా, తప్పయిపోయింది. కోపంలో నోరు జారినా” అంది నిర్మల.

“ఇప్పుడేం లాభం మే? అంతా అయినాక.”

“ఏం కాలేదక్కా. బోల్టులే కదా, మళ్ళీ బిగిస్తారు. ఇకమీద దినామూ పొయ్యి ముందు నీకే.”

“ఆ పొయ్యిని నెత్తిన పెట్టుకోనా నేను? నా బాధంతా ఈ బిడ్డ గురించి. పక్కపక్కన లేకుంటే, ఇది పడితే ఎవురు యింటారు? ఎవురు పరిగెత్తుకోనొస్తారు?”

“అందుకే చెప్తావుండా. నువ్వు పోవద్దక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా!” అంటూ నిర్మల నిజంగానే ఆమె కాళ్ళమీద పడింది.

మునిరత్నమ్మ గబుక్కున కాళ్ళు వెనక్కి లాక్కుంది. “నేనా? నేన్యాడికి పోతావుండా?”

“మరి ఈ సామాన్లన్నీ?”

“అదురుకు పడి పగులుతాయి, కొంచేపు బయట పెట్టుకోమ్మా అని ఆ క్రేనోళ్ళే చెప్పినారు.”

నిర్మలకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అమ్మయ్య అని అక్కడే చతికిలబడి, ఏడుపూ నవ్వూ కలిసి వస్తుంటే కొంగుతో ముఖం తుడుచుకుంది. మునిరత్నమ్మ మాత్రం నవ్వలేదు. నిర్మలను వింతగా చూసింది.

“ఏం మే, నీకు తెలీదా?”

క్రేను మోత ఒక్కసారిగా పెరిగింది. నిర్మల వెనక్కి తిరిగి చూసింది. గాల్లోకి లేస్తున్నది మునిరత్నమ్మ ఇల్లు కాదు.

ధనంజయ చెమట తుడుచుకుంటూ, ముఖం వెలిగిపోతుండగా వచ్చాడు. నిర్మల చెవి దగ్గరికి వంగి మెల్లగా అన్నాడు.

“ఉగాది నుంచి పోరు పెడతావుండావే, ఈయమ్మ పక్కన ఉండలేను, మన ఇల్లు ఆ కొసకు మార్పించు, మార్పించు అని? పెండ్లయినప్పటి నుంచి నీ మాట యిననని ఏడుస్తావు కదా... ఈసారి యిన్నాను, సూడు!”