గాసి తెచ్చిన వేట

"జీపు ఆపండి" అంది సోములమ్మ.

పాడేరు నుంచి వస్తున్న జీపు, ఊరి మొదట్లో అడ్డంగా కట్టిన వెదురు బొంగు ముందు ఆగింది. వెనక వేలాడుతూ వచ్చిన గాసి సంచితో దిగాడు. దిగి చూసేసరికి ఎదురుగా ఊరి ఆడవాళ్లు. వాళ్ల ముందు మేనత్త సోములమ్మ. ఆమె పక్కన కూతురు రత్న. రత్న చంకలో కుండ. కుండలో పేడనీళ్లు.

ఇటుకల పండుగ రోజులు. వేటకు వెళ్లిన మగవాడు ఏదో ఒకటి కొట్టుకుని రావాలి. ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లతో స్నానం చేయిస్తారు. నిన్న అలా స్నానమైన మగవాళ్లు కొందరు గోడ నీడన కూర్చుని, తమకు ఇంకొకడు తోడవుతాడేమోనని ఆశగా చూస్తున్నారు.

"అత్తా, నాను వేటకెల్లలేదు. హైదరాబాదెల్లినాను" అన్నాడు గాసి.

"కిందటి పండక్కి నువ్వేటన్నావు? కుందేళ్లు మీరు కొట్టుకోండి, నాను పట్నంలో ఉద్యోగం కొట్టుకొత్తానన్నావు. అదీ వేటే. కొట్టినావా?"

గాసి రత్న వైపు చూశాడు. రత్న కుండలోకి చూసింది.

"రేపు జి.మాడుగులోళ్లు రత్నని అడగడానికొత్తన్నారు" అంది సోములమ్మ. "ఆ గుంటడు ఆఫీసులో అటెండరు. నీకు ఉద్యోగముంటే వాళ్లని రావద్దని ఇప్పుడే కబురెడతాను. లేదంటే బేగి తల వంచు. సెప్పు, ఏటి సేత్తన్నావు?"

"మొదట బట్టల కంపెనీలో సేరినాను. సొక్కాలకి గుండీలు కుట్టాల. కుట్టిన ప్రతి సొక్కా ఎత్తి, బాగుందా లేదా అని సూసుకున్నాను. అలా సూడ్డానికి వేరే మనిషి ఉన్నాడంట. ఆడి పని నాను సేసేత్తన్నానని పంపీసినారు."

"తరవాత?"

"మందుల కంపెనీ. తలనొప్పి మాత్రలు డబ్బాలో పెట్టాల. ఆ వాసనకి నాకే తలనొప్పొచ్చింది. ఒక మాత్ర ఏసుకున్నాను."

"తగ్గిందా?" అడిగింది ఆడవాళ్లలోంచి ఒకామె.

"తలనొప్పి తగ్గింది. ఉద్యోగం పోయింది."

నిన్న తడిసిన మగవాళ్లు నవ్వారు. సోములమ్మ వాళ్ల వైపు చూడగానే ఆపేశారు.

"ఆ మీద ఒక పెద్ద ఆఫీసు గేటు కాడ కాపలా పెట్టినారు. వచ్చినోళ్లందర్నీ ఏ ఊరు, ఎవలి తాలూకు, తిన్నారా లేదా అని అడిగినాను. వెనకాల కార్లు మెయిన్ రోడ్డు దాకా ఆగిపోనాయి."

"అడిగితే తప్పేటి?"

"అక్కడ తప్పేనంట. ఆఖర్న సినిమావోళ్లు కొండ మనిషి వేషం ఉందని పిలిసినారు. డైరెక్టరు నన్ను ఎగాదిగా సూసి, ఈడు కొండ మనిషిలా లేడన్నాడు. నెత్తిన ఈకలెట్టి కూడా సూసినారు."

"ఈకలెందుకు?"

"నాకూ తెలీదు. ఒక పట్నం కుర్రోడికి నల్లరంగు పూసి పెట్టుకున్నారు."

"అయితే ఉత్త సేతులే" అంది సోములమ్మ. "పొయ్యే రత్నా."

"ఆగు. ఇప్పుడుంది ఉద్యోగం. తిండి ఆళ్లదే. గదిచ్చినారు. నెల నెలా జీతం."

రత్న తలెత్తింది.

"ఏటి ఆ ఉద్యోగం?" అడిగింది సోములమ్మ.

గాసి సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"దొంగపనా?"

"కాదత్తా."

"మరేటి?"

"సెప్తే నవ్వుతారు."

"సెప్పకపోతే తడుత్తావు."

గాసి చేతి గడియారం విప్పి, సంచితో పాటు జీపు డ్రైవరుకి ఇచ్చాడు.

"పొయ్యి రత్నా" అన్నాడు.

ఏడాది పాటు తనకు వచ్చిన సంబంధాలన్నీ వీడి కోసం తిప్పి పంపిన పిల్ల. ఒక్క మాట చెప్పడానికి ఇంత మొండితనమా అనిపించింది రత్నకి. కుండ రెండు చేతులా ఎత్తి, వాడి నెత్తిన ఒక్కసారిగా కుమ్మరించింది.

గాసి అరవలేదు, పరిగెత్తలేదు. నీళ్లు పడకముందే కళ్లు మూసి, ఊపిరి బిగబట్టి, ముఖం కొద్దిగా పక్కకు తిప్పాడు. అంతా కారిపోయాక రెండు చేతులూ జోడించి కుడివైపు ఒక దండం, ఎడమవైపు ఒక దండం పెట్టాడు. గోడ నీడనున్న మగవాళ్లు నవ్వడం మరిచిపోయారు.

"ఏటిది బావా?" అంది రత్న.

"ఇదే నా ఉద్యోగం" అన్నాడు గాసి, ముఖం తుడుచుకుంటూ. "పట్నం సివర ఒక పెద్ద హోటలోళ్లు మన ఊరిలాటి ఊరు కట్టినారు. గడ్డి ఇళ్లు, థింసా ఆట, అన్నీ ఉన్నాయి. సాయంత్రం జనానికి ఇటుకల పండగ సూపెడతారు. వేటకెల్లి ఉత్త సేతుల్తో వచ్చినోడిని నానే."

"రోజూనా?" అంది సోములమ్మ.

"రోజూ. ఆదివారం రెండుసార్లు."

ఎవరూ నవ్వలేదు. సోములమ్మ తన కొంగుతో మేనల్లుడి చెవి పక్కన అంటుకున్న గడ్డిపరక తీసింది.

"మరి రోజూ నీ మీద పోసేదెవలురా?"

"ఒక పట్నం పిల్ల పోసేది. పేడ ముట్టలేనని మొన్న మానేసింది" అన్నాడు గాసి, రత్న చేతిలోని ఖాళీ కుండ వైపు చూస్తూ. "బాగా పోసే మనిషిని సూసి తీసుకురమ్మని నన్ను పంపినారు. జీతం నాకంటే ఎక్కువ, అత్తా."