ఎనభై ఎనిమిది డిగ్రీలు

అల్లుడుగారు ట్రాన్స్‌ఫార్మర్ గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. పోయిన ఎండాకాలం యజమాని కూతురిని చేసుకున్నారు. ఆ పెళ్లి ఈ ఐస్‌క్రీం ఫ్యాక్టరీ ఆవరణలోనే, చెట్టు చెట్టుకీ బల్బులు చుట్టి ఘనంగా జరిగింది. చదివింది మార్కెటింగే అయినా, అల్లుడన్నాక ఏదో ఒక కుర్చీ ఉండాలి కనుక సోమవారం నుంచి మెయింటెనెన్స్ మేనేజరయ్యారు.

వేడి చూపించే మీటరులో ఎర్ర ముల్లు ఎనభై ఎనిమిది దగ్గరుంది. ట్రాన్స్‌ఫార్మరుకి బిగించిన రేకు మీద ‘నూనె వేడి పెరుగుదల: 50 డిగ్రీలు’ అని ఉంది. అల్లుడుగారికి విషయం అర్థమైపోయింది.

“యాభై దాటకూడదని రాసుంటే, ఎనభై ఎనిమిదయ్యేదాకా నిద్రపోతున్నావా?” అని ఆపరేటరుని నిలదీశారు.

పంతొమ్మిదేళ్లుగా అదే గదిలో పనిచేస్తున్న మనిషి అతను. “ఆ యాభై బయటి వేడి మీద సార్. బయట నలభై ఉంటే, తొంభై దాకా మామూలే,” అన్నాడు.

“చదువుకున్నది నువ్వా, నేనా?”

ఆపరేటరు మీటరు వైపు చెయ్యి చూపించి ఇంకేదో చెప్పబోయాడు. ఎదురు మాట్లాడేవాళ్లంటే అల్లుడుగారికి ఒళ్లుమంట. తాళాలు లాక్కుని గేటు బయటికి పంపేశారు. నిర్లక్ష్యం రుజువైతే ఉద్యోగం పోయినట్టేనని కూడా చెప్పారు. ఆ వెంటనే కరెంటు ఆపించి, ముల్లు యాభైకి దిగేదాకా ఎవరూ స్విచ్చి ముట్టుకోకూడదన్నారు.

సాయంత్రం వచ్చి చూస్తే ఎనభై ఎనిమిది. మర్నాడు ఆఫీసు ఏసీకి మాత్రమే సరిపోయే చిన్న జనరేటరుతో నాలుగు ఫ్యాన్లు నడిపించారు. ఎనభై ఎనిమిదే. మూడో రోజు తడి గోనెలు కప్పించారు. ముల్లు వెంట్రుకవాసి కదల్లేదు. ఈలోగా కోల్డ్ రూం తలుపు కింద నుంచి స్ట్రాబెరీ, వెనిలా కలిసిపోయి వరండాలోకి పారుతున్నాయి.

“చూశారా మావయ్యా, లోపల ఎంత పాడైపోయి ఉంటే మూడు రోజులైనా చల్లారదు!” అన్నారు అల్లుడుగారు, చూడ్డానికొచ్చిన యజమాని పెద్దాయనతో.

పనివాళ్లూ తలలూపారు. మొన్నటిదాకా ‘అన్నా, అన్నా’ అంటూ ఆపరేటరు వెంట తిరిగినవాళ్లే, ఏమీ తెలియకుండానే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాడని పెదవి విరిచారు. సిగ్గులేని జనం.

ఉద్యోగంలోంచి తీసేసే కాగితం మీద సంతకం పెట్టే ముందు, ఎందుకైనా మంచిదని పెద్దాయన ఆపరేటరుని పిలిపించారు.

ఆపరేటరు గోనె పట్టా తొలగించి ట్రాన్స్‌ఫార్మరు మీద అరచెయ్యి ఆనించాడు. తర్వాత మీటరు అద్దం మీది దుమ్ము చొక్కా కొసతో తుడిచి, అల్లుడుగారి వైపు చూడకుండా పెద్దాయనకే చెప్పాడు.

“ఇప్పటి వేడి చెప్పేది ఇదిగో, ముప్పై రెండు దగ్గరున్న ఈ నల్ల ముల్లు సార్, ఎర్రది ఎక్కువలో ఎక్కువ ఎంత దాకా వెళ్లిందో చూపించి, మనం వెనక్కి తిప్పేదాకా అక్కడే ఆగిపోతుంది, అల్లుడుగారి పెళ్లి బల్బులన్నీ దీనికే తగిలించిన రోజు నుంచీ అది అక్కడే ఉంది.”