కుంకుమ పెట్టిన ఇసుక

"ఆ ఇసుక ముట్టకు."

భోజన్న గద్దించేసరికి ముసలిది చెయ్యి వెనక్కి తీసుకుంది.

కొత్త దుకాణం. నాందేడ్ వజీరాబాద్ సందులో ఆ పొద్దే పూజ అయింది. గుమ్మం పక్క పీట మీద ఇత్తడి పళ్లెం. పళ్లెంలో గోదావరి ఇసుక. ఇసుక మీద పసుపు, కుంకుమ, ఒక బంతిపువ్వు.

"రాయికి మొక్కంగ చూసిన. ఇసుకకు కుంకుమ పెట్టుడు ఇప్పుడే చూస్తున్న," అంది ముసలిది.

"నా పానం కాచిన ఇసుక అది. కరువొచ్చిన ఏడు జిన్నింగు మిల్లు గోడ కడుతుంటే పరంజా ఇరిగింది. తాడిచెట్టంత మీదికెల్లి పడ్డ. కింద ఇసుక కుప్ప లేకుంటే ఆ దినమే నా పని ఒడిసిపోతుండె."

దవాఖానాలో కళ్లు తెరిచినప్పుడు గుత్తేదారు చెప్పిన ముక్క అది. అప్పటి నుంచి భోజన్న కనపడ్డ ప్రతివాడికీ అదే కథ చెబుతున్నాడు.

ముసలిది అతని ముఖంలోకి చూసింది. ఏదో అనబోయి మింగేసింది.

"వాన పడితే నడుము గుంజుతదా?"

"గుంజుతది. నీకెందుకు?"

"ఉత్తగనే అడిగిన. పని కావాలె మేస్త్రి. మర్ఖేల్‌కెల్లి అచ్చిన."

భోజన్న అప్పుడు చూశాడు ఆమె ఎడమ చేతిని. మోచేతి దగ్గర వంకర తిరిగి, ఎండుకొమ్మలా ఒంటికి అతుక్కుపోయింది.

లోపల కుర్చీలో నందకిషోర్ సేట్ కూర్చుని ఉన్నాడు. బట్టల వ్యాపారి. ఊరి నిండా కిరాయికిచ్చిన ఇండ్లు. ఆ ఇండ్ల పని దొరికితేనే ఈ దుకాణం నిలబడుతుంది. లేకపోతే భోజన్న మళ్లీ తాపీ పట్టుకుని ఎవరి గోడ దగ్గరో నిలబడాలి.

భోకర్‌లో మట్టి తొక్కినవాడు. నాందేడ్ వచ్చి సున్నం కలిపాడు, తాపీ పట్టాడు, మేస్త్రి అయ్యాడు. పడి లేచాక పరంజా ఎక్కడం మానేశాడు. మనుషుల్ని ఎక్కించడం నేర్చుకున్నాడు. ఇప్పుడు కురిసే కప్పు, చీలిన గోడ, వెల్ల, కిరాయిదారు ఖాళీ చేసిన ఇంటి తాళంచెవి అన్నీ తన పూచీ. బోర్డు మీద పెద్ద అక్షరాలు: ఇల్లు మీది, ఫికర్ మాది.

"గీ చేతితోని సున్నం మాలు తట్ట ఎట్ల మోస్తవ్?"

"ఇంకొక చెయ్యి మంచిగనే ఉన్నది."

"సర్కస్‌ల చేరు. ఆడ ఒంటి చేతోళ్లకు గిరాకీ."

సేట్ పకపకా నవ్వాడు. ముసలిది కూడా నవ్వింది.

"మంచిగుండు మేస్త్రి," అని దిగిపోయింది.

భోజన్న పేరైనా అడగలేదు.

"గిసోంటోళ్లను లోపలికి రానియ్యకు," అన్నాడు సేట్ లేస్తూ. "మిర్గం వానలు పడకముందే నా కప్పులన్ని బాగు కావాలె. రేపు పొద్దుగాల పని షురూ గాకుంటే ఇంకో మనిషిని చూసుకుంట."

మర్నాడు పొద్దెక్కినా ఒక్క కూలీ రాలేదు.

సేట్ ఇంటి ముందర గడియారం చూసుకుంటున్నాడు. భోజన్న సైకిలెక్కి కూలీల అడ్డాకు పోయాడు, తిట్లు నోట్లో సిద్ధం చేసుకుని.

అక్కడ మగవాళ్లు పాడెకు వెదుళ్లు కడుతున్నారు. గోనెపట్టా మీద శవం. చుట్టూ ఆడవాళ్లు. మిల్లు కట్టిననాటి పాత కూలీ యమునాబాయి శవం చేతిని ఛాతీ మీదికి మడవాలని చూస్తోంది. వంకర చెయ్యి. మడత పడటం లేదు.

భోజన్న నోట్లో తిట్లు ఆగిపోయాయి.

"నిన్న నా దుకాణానికి అచ్చింది గదా గీమె?"

"శివవ్వ. నువ్వు ఎల్లగొట్టినవట."

"ఎల్లగొట్టలే. పని లేదన్న, గంతే."

"నువ్వు లేదంటే ఇంకొకడు పెట్టుకున్నడు. ఒంటి చేత్తోని నిచ్చెన ఎక్కింది, జారింది. కింద పట్టెటోళ్లు ఎవ్వలు లేకుండిరి."

భోజన్న తల దించుకున్నాడు. అతనికి నిజంగానే జాలేసింది.

"నా నసీబ్ ఆమెకు లేకపాయె. కింద ఇసుక కుప్ప ఉంటే బతుకుతుండె."

ఆడవాళ్ల చేతులు ఆగాయి.

"నిన్న గదే చెప్పి నవ్వింది," అంది యమునాబాయి. "నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నది. ఇసుకకు కుంకుమ పెట్టుకున్నడే, ఇగ ఎట్ల చెప్పాలె అన్నది."

"ఏం చెప్పాలె?"

"కరువు ఏడు ఎడ్లన్ని కసాయికి పోయినయ్ మేస్త్రి. ఇసుక తెచ్చే బండి ఏడిది? మేమే గోదారికెల్లి నెత్తి మీద మోసినం. తెచ్చింది తెచ్చినట్టు మాలుల కలుస్తుండె. కుప్ప ఎన్నడు పడ్డది?"

భోజన్న పరంజా మీద ఉండేవాడు. మాలు అందలేదని కిందికి అరవడమే తప్ప ఇసుక ఎలా వస్తోందో ఎన్నడూ చూడలేదు.

"గుత్తేదారే చెప్పిండు నాకు..."

"గుత్తేదారు చెప్పిందే ఇన్నవ్. మమ్ములను ఎవలు అడిగిండ్రు? ఇద్దరికి దెబ్బ తాకిందంటే కేసు పెద్దగైతదని, నిన్ను దవాఖానకు తోలి, ఇంకొకలను ఆ పొద్దే మర్ఖేల్ బస్సెక్కిచ్చిండు. నోరు తెరిస్తే పని ఉండదని మాకు చెప్పిండు."

"ఇంకొకలెవరు?"

యమునాబాయి ఆ వంకర చేతిని ఇంకోసారి మడవబోయి, వదిలేసింది.

"పరంజా ఇరుగంగనే నెత్తి మీది తట్ట పారేసి, రెండు చేతులు చాపి నీ కిందికి ఉరికింది గీ శివవ్వనే."