తాయారు ఫ్రిజ్‌లో హిమాలయం

కొండల మీద మంచు కరిగిపోయాక అక్కడి పూలమొక్కలు ఇంటింటి ఫ్రిజ్‌లలోకి చేరాయి. గుంటూరులో భావనారాయణ మాస్టారి ఫ్రిజ్‌లో, ఆవకాయ జాడీ పక్కన ఉన్నది పోయిన భార్య తాయారు పెంచిన మొక్క. పూస్తే గానీ దాని జాతి తేలదు. జాతి తేలని మొక్క ఇళ్లలో ఉండకూడదని రూలు; తేలకపోతే మొక్కల ఆఫీసు రజియా ఇవాళ పట్టుకుపోతుంది. ఉన్న ఒక్క మొగ్గ విచ్చుకోనంటోంది.

పైగా పొద్దున్నే కరెంటు పోయింది. మాస్టారు ఫ్రిజ్ తలుపు తీసి, విసనకర్రతో మొక్కకు విసురుతూ విసురుతూ కునికారు.

"లేవండి మాస్టారూ, నీలం పువ్వు! జాతి తేలిపోయింది!" రజియా గొంతు.

"కరెంటు లేదమ్మా..."

"చలి తగ్గేసరికి, మీరు విసిరింది కొండగాలనుకుని, వేసవి వచ్చేసిందని మురిసింది పిచ్చిది!"

ఫారంలో 'దొరికే చోటు' దగ్గర హిమాలయాలు కొట్టేసి, 'మాస్టారి వంటిల్లు' అని రాయబోయింది.

"తాయారు వంటిల్లని రాయమ్మా," అన్నారాయన.