చేత్తో దిద్దిన కాపీబుక్

"ఏ కాలేజమ్మా మీది? పైన క్లాసులు, కింద పిజ్జా షాపూనా?"

టొరంటోలోని ఆ ఇన్సూరెన్స్ ఆఫీసులో చదువులో భాగంగా కో-ఆప్ ఉద్యోగానికి వచ్చిన సూర్యకుమారికి శేషగిరి పలికిన స్వాగతం అది.

"ఒషావా ఊర్ల అన్నా. పిజ్జా షాపు లేదు," నవ్వింది ఆమె.

"పేరేమో మా నాయనమ్మ ఈడుది. చదువేమో వీసా కోసం. మీరు విమానాల నిండా దిగబట్టే ఇక్కడ ఉండిపోవడానికి మాకు కావాల్సిన పీఆర్ స్కోరు చెట్టెక్కి కూర్చుంది."

అంత నోరున్నవాడికి పని కూడా వచ్చి ఉంటుందనుకుంటాం. శేషగిరికి నోరొక్కటే వచ్చు.

టీములో ఇకపై ఒక్కరినే ఉంచుతారన్న కబురు ఆ వేసవిలోనే బయటికొచ్చింది. శేషగిరిది క్లోజ్డ్ వర్క్ పర్మిట్. ఇక్కడ ఉద్యోగం పోతే ఇంకోచోట చేరే దారి లేదు. ఆ భయమంతా ఆ పిల్లమీద కసిగా కక్కేవాడు.

ఇంతలో కస్టమర్ల అడ్రసులు సగంలో తెగిపోతున్నాయని కంప్లయింట్ వచ్చింది.

ఒక మెషీన్ ఇంకో మెషీన్‌ని వివరాలడిగినప్పుడు, ఏ వివరానికి ఎంత చోటో చెప్పేది కాపీబుక్. దాన్ని ఒక టూల్ తయారుచేస్తుంది. అడిగే మెషీన్‌లోని కోబాల్ భాష ప్రోగ్రాములు దాన్ని అలాగే వాడుకుంటాయి.

శేషగిరి ఆ కాపీబుక్ తెరిచి, అడ్రసుకి చేత్తోనే చోటు పెంచాడు.

"అన్నా, అది టూల్ రాసిన ఫైలు. టూల్ చదివే డెఫినిషన్‌ల మార్చాలె. లేకుంటే మళ్ల జనరేట్ చేసినప్పుడు మీరు దిద్దింది పోతది."

"కోబాల్ నాకు నేర్పుతావా? వెళ్లి కాఫీ తాగు, పో."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు మరి.

శుక్రవారం టూల్ మళ్లీ నడిచింది. సోమవారానికి అడ్రసులన్నీ మళ్లీ తెగాయి. క్లెయిమ్ చెక్కులు పంపడం ఆగిపోయింది.

మేనేజరు విశాలాక్షి ఇద్దరినీ పిలిచింది.

"కాపీబుక్‌లో ఎవరు చెయ్యిపెట్టారు?"

శేషగిరి వేలు ఆమెవైపు లేచింది. "ఇంకెవరండీ? ఈ స్టూడెంట్లకి ఏం తెలుసు!"

సూర్యకుమారి అతనివైపు ఒక్కసారి చూసింది.

"నేనే మేడమ్," అని, మెడలో బ్యాడ్జి తీసి బల్లమీద పెట్టి వెళ్లిపోయింది.

సిగ్గులేని మనిషి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"చూశారా, భయపడి ఒప్పేసుకుంది! పీడ వదిలింది. ఇక ఆ సీటు నాకే కదండీ?"

"మీకే," అంది విశాలాక్షి, అతని ముఖం చూడకుండా. "పోయిన వారం దాన్ని ఆమెకిచ్చాను. వద్దని శుక్రవారమే రిజైన్ చేసింది. ఇవాళ వచ్చింది బ్యాడ్జి ఇచ్చిపోవడానికే."

"వద్దందా! ఎందుకు?"

"'శేషగిరి అన్నది క్లోజ్డ్ పర్మిట్ మేడమ్, ఆయన్నే ఉంచుండ్రి. నాకు పక్కన వాన్ ఊర్ల గోడౌన్ పనైనా దొరుకుతది' అంది."