వాల్వు దగ్గర పెద్దాయన

"మళ్లీ కొట్టాడు!" అంటూ ఇంజనీరు విసురుగా కుర్చీలోంచి లేచాడు.

కంప్యూటర్ తెరమీద తొట్టి వేడిని చూపిస్తూ నున్నగా పోతున్న గీతలో చిన్న ముల్లు లేచింది.

బట్టలకు రంగువేసే మిల్లు అది. తొట్టిలో రంగునీళ్లు ఎప్పుడూ ఎనభై డిగ్రీల దగ్గరే ఉండాలి. వేడి తగ్గితే ఆవిరి వాల్వు తెరవాలి, పెరిగితే మూయాలి. ఇన్నాళ్లూ మనిషి చేసిన ఆ పనిని ఇప్పుడు ఇంజనీరు రాసిన ప్రోగ్రాం చేస్తోంది. సెకనుకోసారి వేడి చూస్తుంది, తేడా లెక్కేస్తుంది, వాల్వుకి హుకుం జారీ చేస్తుంది.

మూడు వారాలుగా గీత తిన్నగా వస్తోంది, ఈ ముల్లు తప్ప.

దానికి కారణం వాల్వు పక్కన స్టూలు మీద కూర్చునే పెద్దాయన. వెలిసిన చొక్కా, చేతిలో చెక్క సుత్తి. పావుగంటకోసారి వాల్వు మీద మెత్తగా ఒక దెబ్బ వేసి మళ్లీ కూర్చుంటాడు. మెయింటెనెన్సు వాళ్ల మనిషని ఇంజనీరు అనుకున్నాడు. కాంట్రాక్టరు మనిషని నిరుడు చేరిన మెయింటెనెన్సు మేనేజరు అనుకున్నాడు. కాంట్రాక్టరుకు అనుకునే తీరిక కూడా లేదు.

"ఏంటి తాతా నీ గోల?"

"ఇది పట్టేస్తుంది బాబూ. కాస్త కదిలిస్తున్నా."

"మిల్లువాళ్లకే లేదు ఆ బాధ. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

పెద్దాయన నొచ్చుకోలేదు.

"తెరుచుకోమని నీ పెట్టె చెప్తుంది, సరే. అది తెరుచుకుందో లేదో ఎవరు చూస్తారు బాబూ?"

ఎవరూ చూడరు. ఇంజనీరుకు ఆ సంగతి తెలుసు. వాల్వు కదలకపోతే తేడా అలాగే ఉంటుంది. ప్రోగ్రాం సెకను సెకనుకూ ఆ తేడాను కూడుకుంటూ ఇంకా తెరువు, ఇంకా తెరువు అంటూనే ఉంటుంది. ఆ కూడికకు ఒక హద్దు పెట్టాలి. రెండు లైన్ల పని. తర్వాత రాద్దామనుకున్నాడు, గీత తిన్నగా వస్తుంటే మరిచిపోయాడు.

"రేపు కంపెనీ పెద్దవాళ్లు చూడ్డానికొస్తున్నారు. గీతలో ఒక్క ముల్లు కనబడినా నా ఉద్యోగం ఊడుతుంది. నువ్వు రేపు రాకు."

"ఆ మూల కూర్చుంటాను బాబూ. వాళ్లకి కనబడను."

"నువ్వు కనబడకపోయినా నీ దెబ్బ కనబడుతుందయ్యా!"

తొట్టిలో రంగు కలుపుతున్న ఆపరేటర్ అడ్డొచ్చాడు.

"ఉండనివ్వండి సార్. ఆయనుంటే నాకు ధైర్యం."

"ధైర్యం కావాలంటే తాయెత్తు కట్టుకో."

వాచ్‌మన్‌ను పిలిచి పెద్దాయన్ను అప్పుడే బయటికి పంపించేశాడు. పెద్దాయన సుత్తిని స్టూలు మీద పెట్టి, "పావుగంటకోసారి, మరిచిపోకండి" అని చెప్పి వెళ్లాడు. ఆ చాదస్తానికి ఇంజనీరు అందరి ముందూ నవ్వాడు.

మర్నాడు ఉదయం పెద్దవాళ్లొచ్చారు. గీతను చూసి మురిసిపోయారు. ఇంజనీరు భుజం తట్టారు.

అరగంటయ్యాక గీత కిందికి జారింది. డెబ్బై తొమ్మిది. డెబ్బై ఎనిమిది.

"కొత్త బట్ట వేశారు కదండీ, ఇప్పుడే లేస్తుంది" అన్నాడు ఇంజనీరు.

డెబ్బై అయిదు. పెద్దవాళ్లలో ఒకాయన గడియారం చూసుకున్నాడు.

ఇంజనీరు తొట్టి వైపు తిరిగి అరిచాడు.

"ఏయ్, ఆ సుత్తి తీసుకుని ఒక్కటి కొట్టు!"

"ఇంతసేపు పట్టేశాక కొట్టొచ్చా సార్?"

"కొట్టమంటున్నానా!"

ఆపరేటర్ కొట్టాడు.

అప్పటిదాకా కూడిన లెక్కంతా ఒక్కసారిగా వాల్వు మీద పడింది. అది పూర్తిగా తెరుచుకుంది. వేడి ఎనభై దాటింది, తొంభై దాటింది. కూడుకున్న పాత లెక్క తీరక ప్రోగ్రాం ఇంకా తెరువు అంటూనే ఉంది. తొట్టి మరిగి, పొంగి, ఆపరేటర్ మీద పడింది.

ఎవరో పరిగెత్తి ఆవిరి గొట్టం కట్టేసేసరికి అతని అరుపులు కూడా ఆగిపోయాయి.

మధ్యాహ్నానికి ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. మనిషి దక్కలేదు.

మెయింటెనెన్సు మేనేజరు ఇంజనీరును లోపలికి పిలిచి గది తలుపు వేశాడు.

"వాల్వు పాడని రాస్తే నా మెడకు. ప్రోగ్రాం తప్పని రాస్తే నీ మెడకు. ఏం రాద్దాం?"

ఇంజనీరు ఎంతోసేపు ఆలోచించలేదు.

"ఆ ముసలాయన రోజూ సుత్తితో కొట్టేవాడు కదండీ."

ఆ మాట అన్నందుకు అతనికి సిగ్గేసింది. కానీ సిగ్గు కంటే ముందు ప్రాణం తేలికపడింది.

తిలా పాపం తలా పిడికెడు. అనుమతి లేని వ్యక్తి పదేపదే కొట్టడం వల్ల వాల్వు దెబ్బతిన్నదని రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టారు.

పోలీసులకు వెతికే శ్రమ కూడా లేకపోయింది. పెద్దాయన పొద్దుటి నుంచీ గేటు బయటే కూర్చుని ఉన్నాడు. జీపెక్కుతూ ఇంజనీరును ఒక్కటే అడిగాడు.

"ఆ అబ్బాయికెలా ఉంది బాబూ?"

ఇంజనీరు మొహం తిప్పుకున్నాడు. జీపు వెళ్లిపోయాక తన మీది కోపమంతా వాచ్‌మన్ మీద చూపించాడు.

"అసలెవడయ్యా అతను? ఎవడి మనిషని రోజూ లోపలికి రానిచ్చావు?"

వాచ్‌మన్ గేటు పుస్తకం తెరిచి ముందు పెట్టాడు. పేజీ పేజీకీ అదే చేతిరాత. ఎవరిని కలవాలి అన్నచోట రోజూ ఒకటే మాట, 'మా అబ్బాయిని.'

"వాళ్లబ్బాయి ఇక్కడే పనిచేస్తాడా? ఏ షిఫ్టు?"

"ఇప్పుడు లేడు సార్, ఆరేళ్ల కిందట ఇదే వాల్వు పట్టేసి, ఇదే తొట్టి పొంగినప్పుడు చనిపోయిన ఆపరేటరే వాళ్లబ్బాయి."